నలభై దాటాక రక్తపిశాచి ప్రేమకథలా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 42 ఏళ్లు. ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం. పెళ్లై 18 ఏళ్లు, పదిహేనేళ్ల కూతురు. మూడేళ్ల కిందట అత్తగారు మంచాన పడితే రాత్రిళ్లు ఆమె పక్కన మేలుకుని ఉండాల్సి వచ్చింది. నిద్ర ఆపుకోవడానికి ఫోన్‌లో ఏదో ఒకటి చదువుదామని తెరిస్తే అది ఒక వాంపైర్ ప్రేమకథ. తెల్లారేసరికి పూర్తయింది. అత్తగారు కోలుకుని లేచి తిరుగుతున్నారు గానీ కోడలి చదువు మాత్రం ఆగలేదు. రక్తపిశాచులు, తోడేళ్లుగా మారే మనుషులు, మంత్రగత్తెలు, వాళ్ల ప్రేమలు, పెళ్లిళ్లు అన్నీ కలిపి ఇప్పటికి 130 పైచిలుకు నవలలు. అన్నీ ఫోన్‌లోనే, అన్నీ రాత్రి పదకొండు దాటాకే, అన్నీ దుప్పటి ముసుగులోనే.

ఆమె భర్త కూడా బాగా చదువుతారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, గొప్పవాళ్ల జీవితకథలు. భార్య ఏం చదువుతోందో ఆయనకు ఈ మధ్యే తెలిసింది. స్నేహితులు ఇంటికి వచ్చినప్పుడు అందరి ముందూ, "మా ఆవిడకి మామూలు మనుషులు ఆనరు, నాలుగొందల ఏళ్ల శవమైతేనే" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చారు. వారం తిరక్కుండా మరొకటి జరిగింది. ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో కూతురు అవే నవలల్లో ఒకటి చదువుతూ కనిపించింది. "ఈ చెత్త చదువుతున్నావా?" అని ట్యాబ్ లాక్కున్నారు. "నీ లైబ్రరీలోదేగా అమ్మా" అంది ఆ పిల్ల. అప్పటినుంచి అమ్మాయి ముభావంగా ఉంటోంది. ఈవిడ రెండు వారాలుగా ఏమీ చదవడం లేదు, కానీ ప్రతి చిన్నదానికీ చిరాకు పడుతున్నారు.

ఈ వయసులో ఇవి చదవడం తప్పా, ఇది వ్యసనమా, వీటివల్ల నా ఆలోచనలు పాడవుతున్నాయా, పూర్తిగా మానేయాలా అని నాలుగు ప్రశ్నలు అడిగారు. చివరి పేజీ మార్జిన్‌లో, చోటు చాలక అడ్డంగా తిప్పి, ఇంకో రెండు వాక్యాలు రాశారు: "ఆ కథల్లో ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా అతను వింటాడు. మా ఇంట్లో నా మాట ఎవరైనా చివరిదాకా విని ఎన్నేళ్లయిందో."

*

అమ్మా, మీరు అంకెలు వేసి అడిగిన నాలుగు ప్రశ్నల కంటే ఆ మార్జిన్‌లో ఇరికించిన మాటే నాకు పెద్దదిగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ సిగ్గు సంగతి.

మీ ఉత్తరంలో "చెత్త" అనే మాట ఐదుసార్లు ఉంది. నేను లెక్కపెట్టాను. మీ వారు ఆ మాట అన్నారని మీరెక్కడా రాయలేదు. అమ్మాయి అనలేదు. ఐదుసార్లూ మీరే అన్నారు, అందులో ఒకసారి పిల్ల మొహం మీద. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే తీర్పు చెప్పేసుకున్నారు. మీ వారి జోక్ అంతగా గుచ్చుకోవడానికి కారణం ఆ జోక్ ఒక్కటే కాదు. మూడేళ్లుగా మీలో మీరు అనుకుంటున్నదే ఆయన పదిమందిలో పైకి అన్నారు.

ఇంతకీ అవి చెత్తేనా? కొన్ని చెత్తే. 130 చదివారు కాబట్టి నాకంటే మీకే బాగా తెలుసు. హడావుడిగా రాసినవి, ఒకే కథను పేర్లు మార్చి ఆరుసార్లు చెప్పినవి ఉంటాయి. డిటెక్టివ్ నవలల్లోనూ ఉంటాయి, కవిత్వంలో ఇంకా ఎక్కువ ఉంటాయి. కానీ ఈ రకం కథకు ఒక వంశవృక్షం ఉంది. అది మీకు తెలిస్తే ఫోన్‌ను దుప్పట్లో దాచుకోవాలని అనిపించదు.

1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో కొందరు స్నేహితులు వానకు చిక్కుకుపోయారు. అంతకు ముందు ఏడాది ఇప్పటి ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది, ఆ ధూళికి ఆ ఏడు యూరప్‌లో వేసవి అన్నదే సరిగా రాలేదు. కాలక్షేపానికి అందరూ తలా ఒక దయ్యం కథ రాద్దామని పందెం వేసుకున్నారు. మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ కథ మొదలైంది అక్కడే. కవి బైరన్ వెంట వచ్చిన కుర్ర డాక్టర్ జాన్ పాలిడోరి, బైరన్ మొదలుపెట్టి వదిలేసిన ఒక ముక్క పట్టుకుని రక్తపిశాచి కథ అల్లాడు. అది 1819లో అచ్చయింది. అప్పటిదాకా పల్లెల్లో చెప్పుకునే రక్తపిశాచి ఉబ్బిపోయిన శవం, చూస్తే కడుపులో తిప్పే సరుకు. పాలిడోరి చేతిలో అతగాడు దొరబాబు అయ్యాడు. మర్యాదస్తుల విందులకు హాజరై అమ్మాయిలను మాటలతో పడగొట్టేవాడు. మీరు చదివే హీరోలందరికీ ముత్తాత ఆయనే.

ఆ తర్వాత 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులా. 1976లో ఆన్ రైస్ నవలలో రక్తపిశాచే ఎదురుగా కూర్చుని తన గోడు తాను చెప్పుకున్నాడు. 1990ల నుంచి అతను ప్రేమకథల్లో పూర్తిస్థాయి హీరో. 2005లో స్టెఫనీ మేయర్ ట్వైలైట్‌తో బడి పిల్లల చేతుల్లోకి కూడా వచ్చాడు. ఇన్నేళ్లలో అతని కోరలు పోలేదు. మారిందల్లా ఒక్కటే. మొదట్లో ఆకలి ఆపుకోలేనివాడు, ఇప్పుడు ఆమె కోసం ఆపుకుంటాడు. ప్రాణం తీయగలిగినవాడు తీయకుండా నిలబడటం, అదీ ఒక్క మనిషి కోసం నిలబడటం. ఈ కథల్లో ఉన్న లాగుడంతా అదే అని నా అనుమానం. దానికి తోడు అతనికి వందల ఏళ్ల ఆయుష్షు ఉంది, ఆఫీసు లేదు, నిద్ర రాదు, ఫోన్ మోగదు. అంత తీరిక ఉన్నవాడు భార్య మాట చివరిదాకా వినడంలో గొప్పేముంది అని మీ వారు అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే.

వయసు ప్రశ్నకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ప్రేమకథ చదవడానికి గరిష్ఠ వయోపరిమితి ఎవరూ పెట్టలేదు.

ఆలోచనలు పాడవుతాయా అని అడిగారు. దీనికి మామూలుగా చెప్పే జవాబు ఒకటుంది: హత్య నవలలు చదివేవాళ్లు హత్యలు చేస్తున్నారా అని. ఆ వాదన నాకంతగా నచ్చదు. చదివింది మన మీద పనిచేస్తుంది. లేకపోతే చదవడమెందుకు? అందుకని నేను వేరే విధంగా అడుగుతాను. పుస్తకం మూసి పక్కకు చూసినప్పుడు నిద్రపోతున్న మీ వారి మీద జాలి కలుగుతుందా, చిరాకు కలుగుతుందా, ఏమీ కలగదా? అప్పుడప్పుడు చిరాకు కలిగితే పెద్ద విషయం కాదు, సినిమా చూసి వచ్చాక కూడా కలుగుతుంది. రోజూ ఆయన్ని ఆ హీరో పక్కన నిలబెట్టి మార్కులు వేస్తుంటే మాత్రం ఆయనకు అన్యాయం. ఆ పరీక్ష జరుగుతోందనే ఆయనకు తెలియదు కదా.

ఇప్పుడు మార్జిన్‌లోని మాట. అమెరికాలో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు ప్రేమ నవలలు విపరీతంగా చదివే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడి, 1984లో ఒక పుస్తకం ప్రచురించారు. కథలో ఏముందన్నది ఒక ఎత్తు, చదవడమనే పని ఇంకో ఎత్తు అని ఆవిడ గమనించారు. పొద్దస్తమానం అందరి అవసరాలూ చూసే మనిషి పుస్తకం తెరిచిందంటే, కాసేపు నన్ను కదిలించకండి అని చెప్పినట్టు. కథలోనేమో, అందరినీ చూసుకునే ఆమెనే చూసుకునేవాడు ఒకడు ఉంటాడు. మీరు మొదటి నవల ఎప్పుడు తెరిచారో గుర్తుచేసుకోండి. అత్తగారి మంచం పక్కన, రాత్రి మేలుకుని, ఇంకొకరి ఊపిరి గమనిస్తూ. ఇందులో వ్యసనం కంటే అలసటే నాకు ఎక్కువ కనిపిస్తోంది.

అయితే రాడ్‌వే అక్కడితో ఆగలేదు, ఇంకో సందేహం కూడా లేవనెత్తారు. ఇంట్లో దొరకనిది పుస్తకంలో దొరికితే, ఇంట్లో అడగాలన్న తొందర తగ్గిపోదా అని. మీరు దీని దగ్గరే ఆగి ఆలోచించాలి. మూడేళ్లలో "నా మాట ఒకసారి పూర్తిగా వినండి" అని మీ వారిని ఎన్నిసార్లు అడిగారు? ఉత్తరంలో ఒక్కసారి కూడా కనపడలేదు. అడిగి విసిగిపోయారేమో, నాకు తెలియదు. అడగకపోతే మాత్రం, ఆ వాంపైర్లు మీకు చేసిన చెడు అదొక్కటే: కొరత నొప్పి తెలియకుండా చేశారు.

మీ ముందున్న దారులు చూద్దాం.

పూర్తిగా మానేయవచ్చు. రెండు వారాలుగా అదే చేస్తున్నారు, ఇంట్లో అందరికీ దాని రుచి తెలుస్తోంది. మానేస్తే ఆ సమయం ఖాళీగా ఉంటుంది, లోటు అలాగే ఉంటుంది, పైగా "నీ మాట వల్ల మానేశాను" అనే కోపం మీ వారి మీద పేరుకుంటుంది. దానివల్ల లాభం ఉంటే నిద్రకే ఉంటుంది. దానికి మానేయనక్కర్లేదు, చివర్లో ఒక చిట్కా చెబుతాను.

ఇదివరకటిలా దాచుకుని చదవవచ్చు. ఇది అన్నిటికంటే సులువు. కాకపోతే ఇప్పుడు ఇంట్లో ఇద్దరికీ తెలుసు. తెలిసిన రహస్యాన్ని దాచడం చాలా అలసట. ఎవరైనా గదిలోకి వస్తే ఫోన్ తిప్పేయడం, ఆ తిప్పేయడం వాళ్లు చూడటం, చూడనట్టు నటించడం. అమ్మాయి దీన్ని బాగా నేర్చుకుంటుంది కూడా.

లేదా వెలుతురులో చదవవచ్చు. హాల్లో, కుర్చీలో, ఆదివారం మధ్యాహ్నం. ఎవరికీ ప్రకటన చేయనక్కర్లేదు. మొదటి రెండు రోజులు ఇంకో జోక్ పడవచ్చు. పడితే నవ్వకండి. మీరు నవ్వినప్పుడల్లా, దీన్ని పట్టించుకోనక్కర్లేదని ఆయనకు అర్థమవుతోంది. కోప్పడనూ అక్కర్లేదు. "ఆ రోజు అందరి ముందు అన్న మాట నాకు బాధ కలిగించింది" అని ఇద్దరే ఉన్నప్పుడు ఒక్క వాక్యం చాలు. దానికి ఆయన ఏమంటారో నేను చెప్పలేను. అయ్యో అనవచ్చు. "జోక్ కూడా తీసుకోలేవా" అనవచ్చు. రెండోది అంటే పుస్తకాల గొడవను పక్కన పెట్టి, మీ బాధకు ఆ ఇంట్లో ఎంత చోటుందని ఆలోచించాల్సి వస్తుంది. అది పెద్ద సంభాషణ, ఒక్క రాత్రిలో తేలదు. ఇద్దరి మధ్యా తేలకపోతే ఒక కౌన్సెలర్ దగ్గరికి కలిసి వెళ్లడంలో తప్పు లేదు.

కానీ మీ ఉత్తరంలో ఆయన క్రూరుడిలా కనపడలేదు. జ్వరం వస్తే సెలవు పెట్టి పక్కన కూర్చున్నారని మీరే రాశారు. అలాంటివారిలో కొందరికి ఎగతాళి ఒక రకం పలకరింపు. తమకు తెలియని లోకంలో భార్య రోజూ గంటలకొద్దీ తిరిగి వస్తోందంటే లోపల ఎక్కడో చిన్న కంగారు కూడా ఉంటుంది. అక్కడికి దారి చూపించవచ్చేమో చూడండి. ఆయనకు చరిత్ర ఇష్టం కదా. ఇది చెప్పండి: 18వ శతాబ్దంలో రక్తపిశాచి అంటే కథ కాదు, ప్రభుత్వ ఫైలు. సెర్బియా పల్లెల్లో జనం సమాధులు తవ్వి శవాలను కాలుస్తుంటే ఆస్ట్రియా సైన్యం వైద్యులను పంపింది, వాళ్లు 1732లో నివేదిక రాసి సంతకాలు పెట్టారు. 1755లో మహారాణి మరియా థెరిసా తన ఆస్థాన వైద్యుడు గెరార్డ్ ఫాన్ స్వీటెన్‌కు ఈ సంగతి తేల్చమని అప్పగించారు. ఇది వట్టి మూఢనమ్మకం, శవాల మార్పులకు సహజ కారణాలున్నాయని ఆయన తేల్చారు. మహారాణి శవాలను తవ్వి తగలబెట్టడాన్ని నిషేధించారు. అసలు జరిగేదేమిటంటే, కుళ్లేటప్పుడు లోపలి వాయువులకు శవం ఉబ్బుతుంది, నోటి వెంట నల్లటి ద్రవం వస్తుంది, చర్మం ముడుచుకుని గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. బాగా తిని పడుకున్నవాడిలా ఉంటాడు.

మీ వారు ఈ మాట విని పుస్తకం వెతకడానికి లేచారంటే, ఆ రోజుకు మీరు గెలిచినట్టే. ఆయన మీ నవల చదవనక్కర్లేదు. మీరు ఆయన ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు పది నిమిషాలు వింటే, మార్జిన్‌లో మీరు రాసిన సంగతి మొదలైనట్టే కదా.

అమ్మాయి విషయం ఇంతకంటే తొందరగా చూడాల్సింది. అందులో మీరు ఒకటి సరిగ్గా చేశారు, ఒకటి తప్పుగా చేశారు. ఈ నవలల్లో పెద్దల కోసం రాసినవి ఉంటాయి, టీనేజర్ల కోసం రాసినవి ఉంటాయి. అట్టలు చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ లోపల పడకగది తలుపు ఎంత తెరుస్తారన్నది వేరు. పెద్దల పుస్తకం పదిహేనేళ్ల పిల్ల చేతిలో చూసి మీరు కంగారు పడటం సబబే. లాక్కుని చెత్త అనడం మాత్రం సబబు కాదు. ఆ ఒక్క మాటతో ఆ పిల్లకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, అమ్మ చెత్త చదువుతుంది. రెండు, ఇలాంటివి అమ్మకు కనపడకుండా చదవాలి.

మీ లైబ్రరీని వేరు చేసి తనకు సొంత అకౌంట్ పెట్టడం ఐదు నిమిషాల పని. అది చేసి ఊరుకుంటే గోడ కట్టినట్టు అవుతుంది, ఆ గోడ అవతల తను ఏం చదువుతుందో మీకు ఇక తెలియదు. గోడ కట్టకుండా వదిలేస్తే, తన వయసుకు మించినవి ఒంటరిగా చదువుతుంది. నేనైతే అకౌంట్ వేరు చేసి, తన వయసు వాళ్ల కోసం రాసిన సిరీస్ ఒకటి ఇద్దరూ కలిసి చదవడం మొదలుపెడతాను. "ఆ రోజు నీ మీద అరిచాను గానీ, అసలు నాకే సిగ్గుగా అనిపించింది. అవి నాకు ఇష్టమైన పుస్తకాలు" అని ముందు ఒప్పుకుని. తల్లి నోట ఈ మాట వినడం ఏ పిల్లకైనా కొత్తే. మొదట్లో బిగుసుకుపోతుంది, ఒత్తిడి చేయకండి.

కలిసి చదివితే మరో లాభం. ఈ కథల్లో నాకు ఇబ్బందిగా అనిపించేది ఒకటుంది. హీరో అమ్మాయిని వెంబడిస్తాడు, రాత్రి కిటికీలోంచి వచ్చి తను నిద్రపోతుంటే చూస్తూ నిలబడతాడు, ఎవరితో మాట్లాడాలో నిర్ణయిస్తాడు, అదంతా ప్రేమ కింద జమ అవుతుంది. 42 ఏళ్ల మీకు అది కథలో పులకింత, బయటైతే పోలీసు కేసు అని తెలుసు. పదిహేనేళ్లకు ఆ గీత ఇంకా పలచగా ఉండవచ్చు. ఉపన్యాసం ఇస్తే వినదు. కథలోంచే అడగవచ్చు. డ్రాకులా నవల ప్రకారం, ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు రమ్మని పిలిస్తే తప్ప అతను మొదటిసారి గడప దాటలేడు. అంత రాక్షసుడికే పిలుపు కావాల్సి వచ్చింది, మరి ఈ హీరో కిటికీలోంచి ఎలా వచ్చాడు అని అడిగి చూడండి. మీ అమ్మాయి హీరోని వెనకేసుకొస్తుంది, వాదిస్తుంది. వాదించనివ్వండి.

వ్యసనమా అన్న ప్రశ్న మిగిలింది. మీరు ఆఫీసు ఎగ్గొట్టలేదు, డబ్బు అప్పు చేయలేదు, మానేయాలనుకున్న రోజున మానేశారు. చిరాకు తప్ప ఇంకేం కాలేదు. దాన్ని వ్యసనం అనడానికి నాకు నోరు రావడం లేదు. నిద్ర సంగతి మాత్రం నిజమైన సమస్య. రాత్రి రెండింటి దాకా చదివి ఆరింటికి లేచేవారు, మీరు చెప్పిన తలనొప్పికి అదే కారణం కావచ్చు. నిద్ర సరిచేశాక కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇక నేను చెబుతానన్న చిట్కా. "ఈ చాప్టర్ అయ్యాక పడుకుంటాను" అని మీరూ అనుకుంటారు, అందరం అనుకుంటాం. రచయితలకు అది తెలుసు. అందుకే చాప్టర్ చివర్లోనే తలుపు చప్పుడవుతుంది, చివర్లోనే రక్తపు మరక కనిపిస్తుంది. చాప్టర్ చివర ఆపాలనుకుంటే ఓడిపోతారు. మధ్యలో ఆపండి, వాళ్లిద్దరూ ఏదో మామూలు కబుర్లు చెప్పుకుంటున్న పేజీలో. మొదటి రెండు రాత్రులు చేతులు దురద పెడతాయి, తర్వాత అలవాటవుతుంది.

వచ్చే నెల మీ సిరీస్‌లో కొత్త భాగం వస్తోంది, కొనాలా వద్దా అని కూడా ఒక చోట రాశారు. కొనండి. ఈలోగా ఇంకో పని ఉంది. మీరు ట్యాబ్ లాక్కున్నప్పుడు అమ్మాయి ఎంతవరకు చదివింది, ఎవరు నచ్చారు, తర్వాత ఏమవుతుందనుకుంది? ఏడు పేజీల్లో ఆ సంగతి ఎక్కడా లేదు. ఈ రాత్రి పడుకునేలోపు వెళ్లి అడగండి. తను చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి.